పాత ఫోటోలో, ఫిల్ములో ఉన్న పడవల కార్ఖానా యజమాని ఎవరో తేల్చుకోవడం ఎలా? కర్నూలు నుంచి నా అనుభవం

కుర్చీలో కూర్చున్నాయనే మీ ముత్తాత అని ఫోటో వెనక అప్పుడే పేరు రాయకండి.

మీరు అడిగింది ఇది: కర్నూలులో కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ) గట్టున మీ ముత్తాతకు పడవలు కట్టే కార్ఖానా ఉండేదని ఇంట్లో చెప్పుకుంటారు. పాత పెట్టెలో ఒక గ్రూప్ ఫోటో, చిన్న ఫిల్ము రీలు దొరికాయి. అందులో ఉన్నవారిలో ఆయన ఎవరో ఎలా తేల్చాలి? మాదీ కర్నూలే. మా అమ్మ పుట్టింటివారిది పడవల పని. సరిగ్గా ఇలాంటి ఫోటో, ఇలాంటి రీలే మా చేతికీ వచ్చాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా ఫోటోలో సగం కట్టిన పడవ ముందు జనం వరుసగా నిలబడి ఉంటారు. మధ్యలో కుర్చీ, అందులో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, ఆయన ఒళ్లో సోలా టోపీ, అంటే దొరలు ఎండకు పెట్టుకునే గట్టి టోపీ. ఇంట్లో అందరూ ఆయననే ముత్తాత అనేవారు. ఫోటోను పెద్దది చేసి చూస్తే కుర్చీ వెనక నిలబడ్డ మనిషి ఛాతీకి అడ్డంగా పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల కనిపించాయి. బిళ్ల బంట్రోతు ప్రభుత్వ అధికారి వెంట ఉంటాడు కానీ పడవలు కట్టే మనిషి వెంట ఎందుకుంటాడు? అంటే కుర్చీ వేసింది తనిఖీకి వచ్చిన అధికారికి. ఆ రోజుల్లో ఊరికి ఫోటోగ్రాఫరు రావడమే పెద్ద సంబరం. వచ్చిన అతిథిని కూర్చోబెట్టి, ఇంటి యజమాని పక్కన నిలబడటమే మర్యాద. కాబట్టి మీ ఫోటోలో కుర్చీ ఉంటే దాని చుట్టూ ఎవరున్నారో, ఏం పట్టుకున్నారో ముందు చూడండి. ముఖాల సంగతి తర్వాత.

ఆ తర్వాత పడవను చూడండి. కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద కట్టిన ఆనకట్ట నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే ఈ కాలువను పొలాలకు నీళ్లివ్వడానికీ, పడవలు నడపడానికీ కూడా ఉద్దేశించారు. మన ఊళ్లో అది హంద్రీ నదిని అక్విడక్టు (నది పైనుంచి కాలువను తీసుకెళ్లే వంతెన) మీదుగా దాటుతుంది. కంపెనీకి లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. తర్వాత తర్వాత పడవల రాకపోకలు తగ్గిపోయి అది సాగునీటి కాలువగానే మిగిలింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కాలువ పడవకూ నది పడవకూ ఆకారంలోనే తేడా ఉంటుంది. కాలువ పడవ లాకుల్లో (పడవను ఎక్కించి దించడానికి నీటిమట్టం మార్చే తలుపుల గదుల్లో) పట్టాలి కనుక వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. గట్టు మీద నడుస్తూ లాగడానికి తాడు కట్టే గుంజ ఉంటుంది. రేవు దాటించే పడవ అడుగు చదునుగా, వెడల్పుగా ఉంటుంది. పుట్టి అయితే చెప్పనక్కర్లేదు, వెదురుతో అల్లి పైన తోలు బిగించిన గుండ్రటి బుట్ట. మా ఇంట్లో అందరూ "కాలువ పడవలు" అనేవారు గానీ, ఫోటోలో ఉన్నది స్పష్టంగా రేవు పడవ. అప్పట్లో తుంగభద్రకు అవతలి గట్టు నిజాం రాజ్యం. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. మీ పడవ ఏ రకందో తెలిస్తే ఏ శాఖ కాగితాల్లో వెతకాలో సగం తేలినట్టే.

ఫోటో విషయంలో ఒక జాగ్రత్త. 2009 అక్టోబరు వరదలో కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు ఎన్ని ఇళ్లలో ఫోటోలు పోయాయో మనందరికీ తెలుసు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిన రోజులవి. మా ఫోటో కూడా ఫ్రేములోనే తడిసి, అద్దానికి అతుక్కుపోయింది. మీదీ అలాగే ఉంటే గోటితోనో బ్లేడుతోనో పీకకండి. బొమ్మ ఉన్న పొర అద్దంతో పాటే ఊడి వస్తుంది. అద్దం మీదుగానే స్కాన్ చేయించండి. వెనక వైపు కూడా తప్పనిసరిగా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలు అంకెలు, అట్ట రకం అన్నీ అక్కడే ఉంటాయి. వెనక ఎవరైనా పేరు రాసి ఉంటే ఆ సిరా, ఆ చేతిరాత ఏ తరానివో చూడండి. ఫోటో తీసిన ముప్ఫై ఏళ్ల తర్వాత మనవడు రాసిన పేరు అతని నమ్మకాన్ని చెబుతుంది, అంతే.

ఇక ఫిల్ము. దయచేసి దాన్ని ఎవరి పాత ప్రొజెక్టర్‌లోనూ ఎక్కించకండి. పాత ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది, పళ్ల చక్రం దాని రంధ్రాలను చింపేస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయకుండా డిజిటల్ చేయించాలి. స్కేలుతో వెడల్పు కొలవండి. 16 మిల్లీమీటర్ల ఫిల్ము 1923లో వచ్చింది. 8 మిల్లీమీటర్లది 1932లో, సూపర్ 8 అనేది 1965లో వచ్చాయి. రంధ్రాలు అంచున కాకుండా ఫ్రేముల నడుమ ఉంటే అది 9.5 మిల్లీమీటర్ల పాథే ఫిల్ము. వెడల్పు తెలిస్తేనే, ఆ ఫిల్ము ఏ సంవత్సరానికి ముందుది కాజాలదో తెలిసిపోతుంది.

అంతకంటే గట్టి ఆధారం అంచు మీద ఉంటుంది. కొడాక్ ఫిల్ము అయితే భూతద్దంతో అంచును చూడండి. కంపెనీ పేరు పక్కన చిన్న సున్నా, చతురస్రం, త్రిభుజం లాంటి గుర్తు ఒకటో రెండో ఉంటాయి. ఫిల్ము తయారైన సంవత్సరానికి అది గుర్తు. కానీ అదే గుర్తు ఇరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. మా రీలు మీద ఒకే ఒక త్రిభుజం ఉంది. అంటే 1918, 1938, 1958లలో ఏదో ఒకటి. ఫిల్ము 16 మిల్లీమీటర్లది కనుక 1918 కుదరదు. మిగిలినవి 1938, 1958.

ఈ రెండింటిలో ఏదో మా ఇంటి లెక్కల పుస్తకం తేల్చింది. ముత్తాత పోయిన తిథిని ఆబ్దికం కోసం అందులో రాసి పెట్టారు: తారణ నామ సంవత్సరం, మాఘ మాసం. తారణ అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1884లో మొదలైనది ఒకటి, 1944లో మొదలైనది ఒకటి, 2004లో మొదలైనది మరొకటి. ఆయన పిల్లల వయసులను బట్టి మధ్యదే కావాలి. మాఘం కాబట్టి ఆయన పోయింది 1945 మొదట్లో. కనుక ఫిల్ములో ఆయన ఉన్నట్టయితే ఆ త్రిభుజం 1938దే, చిత్రీకరణ 1938కీ 1945 తొలి నెలలకూ నడుమ జరిగి ఉండాలి. ఆయన లేకపోతే ఆ రెండింటిలో ఏదైనా కావచ్చు. మీ ఇంట్లో ఇంగ్లీషు తేదీ దొరకలేదని నిరాశపడకండి. మన పెద్దవాళ్లు తిథి, మాసం, సంవత్సరం పేరు తప్పకుండా రాసిపెట్టేవారు. పాత శిస్తు రసీదుల మీద ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

ఆయన ఫిల్ములో ఉన్నాడా లేడా అన్నది మనిషి చేతుల వల్ల తేలింది. ఇది మాత్రం తీరిగ్గా చెబుతాను.

ఫిల్ములో ఒక మనిషి పడవ పలకను బాడిసతో (వడ్రంగి చెక్కే పనిముట్టుతో) చెక్కుతుంటాడు. పక్కనున్న వాళ్లు సందుల్లో నార కూరుతూ, గుగ్గిలం నూనెలో కాచిన ముద్ద పూస్తూ మధ్యమధ్యలో ఇతని వైపు చూస్తుంటారు. ఇతను తల ఊపాకే తర్వాతి పలక మీదికి వెళతారు. పని ఎవరి మాట మీద నడుస్తోందో అక్కడే తెలిసిపోతుంది. నిలిచిపోయిన ఫోటోలో ఇది ఎంత వెతికినా దొరకదు. కానీ మాకు మొదట ఇచ్చిన డిజిటల్ కాపీలో పడవ ముక్కు మీద రాసిన అంకెలు తిరగబడి కనిపించాయి. ఫిల్మును తప్పు వైపు నుంచి స్కాన్ చేశారన్నమాట. సరిచేయించాక చూస్తే బాడిస అతని ఎడమ చేతిలో ఉంది. పలకను అదిమి పట్టిన కుడి చేతికి చూపుడు వేలి కొస లేదు. ఎడమచేతి వాటం వడ్రంగికి దెబ్బ తగిలితే కుడి చేతికే తగులుతుంది, సహజమే. ఆ తర్వాత ఫోటో తీసి చూశాను. వరుసలో చివర, పడవ అంచు మీద కుడి చెయ్యి ఆనించి నిలబడ్డ సన్నటి మనిషి. ఆ చేతి చూపుడు వేలు మధ్య కణుపు దాటాక ఆగిపోయి ఉంది.

మీరు కూడా కుడి ఎడమలను ముందు సరిచూసుకోండి. ఫోటో నెగటివ్ తిరగబడినా ఇదే చిక్కు వస్తుంది. అక్షరాలు, అంకెలు కనిపించకపోతే చొక్కా గుండీలు ఏ వైపు ఉన్నాయో, ఉత్తరీయం ఏ భుజాన ఉందో చూడండి. ఫిల్ము వేగం కూడా ముఖ్యమే. శబ్దం లేని 16 మిల్లీమీటర్ల ఫిల్ములు ఎక్కువగా సెకనుకు 16 ఫ్రేములతో తీసేవారు. ఇప్పుడు దాన్ని 24 ఫ్రేములతో ఆడిస్తే మనుషులు తడబడుతూ పరుగెడుతున్నట్టు కనిపిస్తారు. నడక చూసి గుర్తుపట్టగలిగే ముసలివాళ్లకు ఆ కాపీ చూపిస్తే వాళ్ల జ్ఞాపకాన్ని మనమే చెడగొట్టినట్టవుతుంది.

ముసలివాళ్లను అడిగే పద్ధతి గురించి గట్టిగా చెప్పాలనుంది. ఫోటో చేతికిచ్చి "ఈయనే కదా తాత?" అని మాత్రం అడగకండి. మీరు అంత ఆశగా అడిగాక కాదనడానికి ఎవరికీ మనసొప్పదు. ఫోటో చూపించకముందే, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, ఆయన ఎలా ఉండేవారో చెప్పమనండి. మా చిన్నమ్మమ్మ ఆయన చివరి కూతురు, తండ్రి పోయేనాటికి చిన్నపిల్ల. ముఖం సరిగా గుర్తులేదంది. కానీ నాన్న గోరుముద్దలు పెడుతుంటే ఒక వేలు మొండిగా పెదవికి తగిలేదనీ, ఆ వేలంటే తనకు భయంగానూ ముద్దుగానూ ఉండేదనీ చెప్పింది. అప్పటికి ఆమెకు ఫిల్ము సంగతే తెలియదు. ఆ ఒక్క మాట విన్నాక నాకు ఇంకే సందేహమూ మిగల్లేదు.

ముఖాల పోలికకు నేను తక్కువ విలువ ఇస్తాను. అన్నదమ్ములు, మేనల్లుళ్లు అందరూ ఒకే పోలికతో ఉన్న గుంపులో కళ్లు, ముక్కు మోసం చేస్తాయి. పోల్చాల్సి వస్తే చెవులు పోల్చండి. తమ్మె విడిగా ఉందా, చెంపకు అంటుకుని ఉందా అన్నది వయసుతో మారదు. ఫోనులో ముఖాలు గుర్తించే యాప్‌లు పాత మసక ఫోటోల మీద చెప్పేది సాక్ష్యంగా తీసుకోకండి.

కాగితాల విషయానికి వస్తే, కాలువ గట్టు, నది ఒడ్డు సాధారణంగా ప్రభుత్వ పోరంబోకు. అందుకే ఆ స్థలానికి క్రయ దస్తావేజు దొరకకపోవచ్చు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పుస్తకాల్లో వెతికించాలి. రెవెన్యూ కార్యాలయంలో డైగ్లాట్ అనే పాత రిజిస్టరు చూపించమని అడగండి, స్థలం ఏ రకందో అందులో ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మాకు ఇంట్లోనే ఒక రసీదు దొరికింది, ఫసలీ 1347, అంటే 1937–38. నేల బాడుగ కట్టినట్టు. అయితే అది ముత్తాత పేరు మీద లేదు, ఆయన బావమరిది పేరు మీద ఉంది. డబ్బు ఆయనది, పని ఈయనది. ఇంట్లో కొందరికి ఇది నచ్చలేదు. నాకైతే ఉన్నది ఉన్నట్టు రాయడమే న్యాయం అనిపించింది. ఫోటో కింద "బావమరిది పేరున ఉన్న స్థలంలో పని నడిపినవారు" అని రాశాను. మీ ఇంట్లో కూడా యజమాని అంటున్న మనిషి స్థలం హక్కుదారా, పెట్టుబడి పెట్టినవాడా, గుత్తేదారా, మేస్త్రీయా అన్నది వేరు వేరుగా అడిగి చూడండి.

ఇంకో మాట. మీ ఫోటోలో మిగిలినవాళ్లను వదిలేయకండి. నేను ఫోటో కాపీలు తీసి, రేవు పక్క పాత ఇళ్లలో ఇచ్చి వచ్చాను. ఫిల్ములో నార కూరుతూ, ఫోటోలోనూ ఉన్న కుర్రవాణ్ణి అతని మనవరాలు గుర్తుపట్టింది. ఆమె దగ్గర తాత ఫోటో అంటూ ఒక్కటీ లేదు, ఉన్నవి వరదలో పోయాయి. ఫిల్ములో అతను నవ్వే ఆ కాసేపటి ముక్కను విడిగా తీసి ఆమె ఫోనుకు పంపించాను. అతని పేరు ఇప్పుడు మా ఫోటో వెనక, ముత్తాత పేరు పక్కనే ఉంది.

ముందుగా మీ ఫోటో వెనక వైపునూ, ఫిల్ము అంచునూ దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అంచు మీద గుర్తు కనిపిస్తే అది ఏయే సంవత్సరాలకు సరిపోతుందో చూసి చెబుతాను. అప్పటిదాకా రీలును ప్లాస్టిక్ సంచిలో బిగించి పెట్టకండి, గాలి ఆడే అట్టపెట్టెలో, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో ఉంచండి. మన కర్నూలు ఎండల్లో బీరువా పైన మాత్రం వద్దు.