కుక్కలకు శిక్షణ ఇవ్వడం మా అమ్మాయికి బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. ఫ్లోరోసిస్ వల్ల మా బావమరిదికి నడుము వంగదు. కింద పడిన చేతికర్రను మా ఇంటి కుక్క నోట కరిచి తెచ్చిచ్చేలా అమ్మాయి నేర్పింది. దివ్యాంగులకు సాయపడే కుక్కలకు శిక్షణ ఇవ్వడమే తన పని అని పట్టుబడుతోంది. చుట్టాలు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మీ అమ్మాయి చేసింది ఆషామాషీ పని కాదు. మొదట కర్రను ముట్టుకుంటే చాలు, కుక్కకు ఓ తిండి ముక్క పెడతారు. తర్వాత నోట పట్టుకుంటేనే, ఆపై ఎత్తితేనే, చివరికి చేతికి అందిస్తేనే పెడతారు. పేరున్న శిక్షణ కేంద్రాల్లోనూ ఇలా మెట్టు మెట్టుగానే నేర్పుతారు. తలుపు పిడికి కట్టిన తువ్వాలును లాగి తలుపు తీయడం కూడా కుక్కకు ఇలాగే వస్తుంది.

అంధులకు దారి చూపే కుక్కల శిక్షణ ఇంకా కష్టం. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలో ఇలాంటి బడి మొదలైంది. 1929లో అమెరికాలో ‘ది సీయింగ్ ఐ’ అనే బడి వచ్చింది. సాధారణంగా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ పిల్లలను రెండు నెలల వయసులో ఒక కుటుంబానికి అప్పగిస్తారు. ఏడాదికి పైగా జనం, బస్సులు, చప్పుళ్లు అలవాటయ్యాక అసలు శిక్షణ మొదలవుతుంది. యజమాని ‘పద’ అన్నా, బండి వస్తుంటే కుక్క కదలకూడదు. మాట వినడం నేర్పినదానికే ఎప్పుడు వినకూడదో నేర్పాలి. అయితే ఎప్పుడు దాటాలో నిర్ణయించేది కుక్క కాదు, వాహనాల చప్పుడు వినే మనిషే. అందుకే శిక్షకులు ఆ మనిషికీ నేర్పాలి. ఈ వృత్తిలో సగం పని మనుషులతోనే. కుక్కలంటే ఇష్టం ఒక్కటే ఇక్కడ చాలదు.

ఇప్పుడు చేదు మాట. మన దేశంలో ఈ రంగం ఇంకా చాలా చిన్నది. దీన్నే నమ్ముకుని ఇంటర్ తర్వాత చదువు ఆపితే అమ్మాయి ఇబ్బంది పడుతుంది. మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు, టేకన్‌పూర్‌లో బీఎస్‌ఎఫ్ జాగిలాలకు శిక్షణ ఇస్తారు కానీ, అక్కడ జాగిలాలను నడిపే హ్యాండ్లర్లు ముందు ఆ బలగాల్లో చేరినవాళ్లే. పైగా అది నేరస్థులను, పేలుడు పదార్థాలను పసిగట్టే పని.

కాబట్టి ముందు గట్టి డిగ్రీ ఒకటి చేతిలో ఉండాలి. ర్యాంకు వస్తే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ మంచిదే. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలో కళాశాలలున్నాయి. కానీ నన్నడిగితే ఫిజియోథెరపీ గానీ, దివ్యాంగులకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ గానీ ఆమెకు ఇంకా దగ్గర. ఆమె కుక్కను చూసి మొదలుపెట్టలేదు, మేనమామ అవసరాన్ని చూసి మొదలుపెట్టింది. ఆ చూపు నేర్పితే వచ్చేది కాదు. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో ఉన్నాయి. వేరే ఎక్కడ చేరినా భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

మరొక్క విషయం. మన ఎండల్లో తారురోడ్డు మీద కుక్క పాదాలు కాలతాయి, వీధికుక్కలు మీద పడతాయి. మన పల్లెలకు ముందు నప్పేది ఇంట్లో సాయపడే కుక్కే. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలున్న ఇళ్లు మీకు నేను చెప్పాలా? మీ అమ్మాయి నేర్చిన పని అక్కడ అక్కరకొస్తుంది.

కొన్ని వారాల్లో సర్టిఫికెట్ ఇస్తామంటూ వేలకు వేలు అడిగేవాళ్లకు మాత్రం డబ్బు కట్టకండి. మీరు శిక్షణ ఇచ్చిన కుక్క ఇప్పుడు ఏ దివ్యాంగుడి దగ్గర పని చేస్తోంది, వారితో మాట్లాడించగలరా అని అడగండి. పరీక్షలు అయ్యాక సెలవుల్లో అమ్మాయిని మండలంలోని పశువైద్యశాలకు పంపండి, డాక్టరు గారి పక్కన ఉండి పని చూస్తుంది. వెళ్లేటప్పుడు ఇంటి కుక్కనూ తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించమనండి.