టెక్ సందేహాలు: నింపిన ఫామ్ ఎటు పోతోంది?

ప్రశ్న: ఫోన్‌లో స్కాలర్‌షిప్ ఫామ్ నింపుతూ, ఆదాయ ధ్రువపత్రం నంబరు చూద్దామని వాట్సాప్‌లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పేజీ మొదటి నుంచి లోడ్ అయి, మొత్తం ఖాళీగా ఉంది. మూడుసార్లు ఇలాగే అయింది. కంప్యూటర్‌లో 'సైట్ వదిలి వెళ్తారా' అని అడుగుతుంది కదా, ఫోన్‌లో ఎందుకు అడగదు?
- డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

ప్రశ్న: మా వెబ్ యాప్‌లో సేవ్ చేయకుండా వెళ్లేవాళ్ల కోసం తెలుగులో హెచ్చరిక రాశాను. బ్రౌజర్ దాన్ని పక్కన పెట్టి తన మాటే చూపిస్తోంది. ఏం చేయాలి?
- డెవలపర్, హైదరాబాద్

జవాబు: అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఈ గోడు వినపడని వారం ఉండదు. ముందు డెవలపర్ గారి సంగతి చూద్దాం. మీ కోడ్‌లో తప్పేమీ లేదు. 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ పేజీ మూయొద్దు' అని ఇదే హెచ్చరిక పెట్టెలో రాసి జనాన్ని భయపెట్టిన మోసగాళ్ల పుణ్యమా అని, 2016 నాటికి పెద్ద బ్రౌజర్లు ఒక్కొక్కటిగా సొంత సందేశాలకు తలుపు మూసేశాయి. అది సరైన నిర్ణయమే. ఇప్పుడు పెట్టె వస్తుంది, మాట మాత్రం బ్రౌజర్‌ది. మీ యాప్‌లోనే సైట్ మళ్లీ లోడ్ కాకుండా ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తున్నప్పుడు మాత్రం మీ తెలుగు సందేశం చూపించుకోవచ్చు. అక్కడ బిఫోర్‌అన్‌లోడ్ (పేజీ మూతపడే ముందు బ్రౌజర్ ఇచ్చే సంకేతం) రాదు, రౌటర్‌లోనే, అంటే యాప్‌లో పేజీలు మార్చే కోడ్‌లోనే అడ్డుకోవాలి. ఇంకొక్కటి: ఎవరూ ఏమీ మార్చకపోయినా ప్రతిసారీ అడిగే యాప్‌లు ఉన్నాయి. నాలుగోసారికి జనం చదవకుండానే 'వెళ్లు' నొక్కేస్తారు. నిజంగా మార్పు జరిగినప్పుడే ఆ హెచ్చరికను తగిలించండి, సేవ్ కాగానే తీసేయండి.

ఇక నల్గొండ అమ్మాయి ప్రశ్న. మీరు వాట్సాప్‌లోకి వెళ్లినప్పుడు పేజీ మూతపడలేదు, వెనక్కి వెళ్లింది అంతే. ఫోన్‌లో ర్యామ్ చాలకపోతే సిస్టమ్ ఆ పేజీని చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. అప్పుడు హెచ్చరించే అవకాశమే పేజీకి దొరకదు. కొన్ని ఫోన్ బ్రౌజర్లలో ఆ పెట్టె అసలు రానే రాదు. అంటే తప్పు మీది కాదమ్మా. ఫామ్ నింపేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది తక్కువ ర్యామ్ ఉన్న ఫోనే అని తెలిసి కూడా, ఆఫీసులో పెద్ద స్క్రీన్ మీద ఒకసారి చూసి 'బాగుంది' అనుకున్నవాళ్లది. పేజీ కనుమరుగయ్యే క్షణంలో, అంటే విజిబిలిటీచేంజ్ ఈవెంట్ రాగానే, అప్పటిదాకా నింపింది భద్రపరచాలి. ఎంత మంచి హెచ్చరికైనా ఈ పని చేయలేదు.

అయితే ఎక్కడ భద్రపరచాలి? నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. మొన్న ఓ నెట్ సెంటర్‌లో ప్రింటౌట్ కోసం వెళ్లి, ఒక దరఖాస్తు పేజీ తెరిచాను. నేనింకా కీబోర్డు ముట్టుకోనే లేదు, గడులన్నీ నిండి ఉన్నాయి. ఎవరో అమ్మాయి పేరు, తండ్రి పేరు, పన్నెండు అంకెల ఆధార్ నంబరు, కింద బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్. డ్రాఫ్ట్ పోకూడదని ఆ సైట్‌వాళ్లు అన్నీ లోకల్‌స్టోరేజ్‌లో, అంటే ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లోనే సైట్ సమాచారం దాచుకునే చోట పెట్టేశారు. దానికి గడువు లేదు. బ్రౌజర్ మూసినా, కంప్యూటర్ ఆపినా అలాగే ఉంటుంది. తాళం కూడా ఉండదు, ఆ సైట్‌లో నడిచే ఏ స్క్రిప్ట్ అయినా చదువుకోవచ్చు. నేను ఖాళీ చేసి వచ్చాను. నాకంటే ముందు ఆ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారో! ఆ అమ్మాయికైతే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

కాబట్టి డెవలపర్ గారూ, డ్రాఫ్ట్ మీ సర్వర్‌లో, లాగిన్ వెనక ఉండాలి. బ్రౌజర్‌లో పెట్టక తప్పకపోతే ఆధార్, ఖాతా నంబర్లు, ఓటీపీల జోలికి పోకండి. సబ్మిట్ అయినా, లాగౌట్ అయినా వెంటనే తుడిచేయండి. సెషన్ గడువు, అంటే లాగిన్ ఎంతసేపు ఉండాలన్న విషయంలోనూ ఇదే మాట. భద్రత కోసం గడువు పెట్టడం అవసరమే, కానీ సబ్మిట్ నొక్కాక 'సెషన్ ముగిసింది' అని చెప్పడం అన్యాయం. గడువు తీరేముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2008 నుంచీ చెబుతున్నాయి. నెమ్మదిగా టైప్ చేసే పెద్దవాళ్లకు, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే అంధులకు ఆ 20 సెకన్లే దిక్కు. అది కూడా ఇవ్వని ఫామ్‌లు ఇప్పటికీ బోలెడు.

అమ్మా, ఈసారి ఫామ్ తెరవకముందే ధ్రువపత్రాల నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకో, యాప్ మారాల్సిన పని ఉండదు. పెద్ద జవాబులు ముందు నోట్స్‌లో టైప్ చేసి, తర్వాత కాపీ చేసుకో. నెట్ సెంటర్‌కి వెళ్తే ఇన్‌కాగ్నిటో విండోలోనే నింపి, లాగౌట్ అయ్యి, ఆ విండోలన్నీ మూసేశాకే కుర్చీలోంచి లే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నీ ఆధార్ స్కాన్ మిగిలిపోయిందేమో కూడా చూసుకో, ఇన్‌కాగ్నిటో దాన్ని తుడవదు.