ఫ్లో లూప్ నిదానంగా ఉంటే ఫీడ్‌ఫార్వర్డ్ పెట్టొచ్చా?

సెట్‌పాయింట్ (కావాల్సిన ఫ్లో విలువ) మార్చాక ఫ్లో చేరుకోవడానికి అర నిమిషం పడుతోంది, గెయిన్ (తేడాకి కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలన్నది) పెంచితే వాల్వ్ హంటింగ్ చేస్తోంది (నిలవకుండా ముందుకీ వెనక్కీ ఊగుతోంది) అన్నారు. ఫీడ్‌ఫార్వర్డ్ (తేడా వచ్చేదాకా ఆగకుండా, కావాల్సిన ఓపెనింగ్‌ని ముందే లెక్కేసి వాల్వ్‌కి ఇవ్వడం) పనికొస్తుంది. అయితే ముందు లూప్‌ని మాన్యువల్‌లో పెట్టి ఔట్‌పుట్‌ని ఒక్కో శాతం కదిపి చూడండి. రెండు మూడు శాతం మారేదాకా ఫ్లోలో చలనం లేదంటే వాల్వ్ పట్టేస్తున్నట్టే, గ్లాండ్ ప్యాకింగో (వాల్వ్ స్టెమ్ చుట్టూ ఉండే సీల్) పొజిషనరో (వాల్వ్‌ని చెప్పిన చోటికి కదిపే పరికరం) చూడాలి, దానికి ఫీడ్‌ఫార్వర్డ్ మందు కాదు. ట్రాన్స్‌మిటర్ డ్యాంపింగ్ (కొలతలో కుదుపులు తగ్గించే ఆలస్యం) కూడా చూడండి, ట్రెండ్ నున్నగా కనబడాలని ఎవరో ఎక్కువ పెట్టి వదిలేసి ఉంటారు, ఇది చాలా చోట్ల ఉన్న జబ్బే.

అవి బాగున్నాయంటే, ప్రొడక్షన్ వాళ్లకు చెప్పి వాల్వ్‌ని 10 శాతం చొప్పున తెరుస్తూ ఫ్లో నిలకడగా వచ్చాక రాసుకోండి. ఆ పట్టికను తిరగేసి డీసీఎస్‌లో (ప్లాంట్ కంట్రోల్ కంప్యూటర్) క్యారెక్టరైజర్ బ్లాక్‌లో వేసి (సెట్‌పాయింట్ ఇస్తే ఓపెనింగ్ రావాలి) పీఐడీ కంట్రోలర్ ఔట్‌పుట్‌కి కలపండి. వాల్వ్ ఒక్కసారిగా దాదాపు సరైన చోటికి వెళ్తుంది, మిగిలిన తేడా పీఐ (అదే కంట్రోలర్) చూసుకుంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది: అదే సెట్‌పాయింట్ మార్పుకి పీఐ కూడా ఎగబడితే ఓవర్‌షూట్ ఖాయం, కాబట్టి పీఐకి వెళ్లే సెట్‌పాయింట్‌కి మాత్రం లూప్ లాగ్‌కి (ఫ్లో స్పందించే ఆలస్యానికి) తగ్గ ఫిల్టర్ పెట్టండి.

మా దగ్గర అసలు బాధ సెట్‌పాయింట్ కాదు, హెడర్ (అందరికీ నీళ్లిచ్చే ఉమ్మడి పైపు) ప్రెషర్. ఒకే నీటి హెడర్ మీద నాలుగైదు ట్యాంకులు, పక్కవాళ్లు వాల్వ్ తెరిస్తే మన ఫ్లో పడిపోయేది. ఫ్లో ప్రెషర్ డ్రాప్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కదా, డ్రాప్ 4 బార్ నుంచి 3కి వస్తే అదే ఓపెనింగ్‌లో ఫ్లో దాదాపు 13 శాతం తగ్గుతుంది. దాన్ని సరిచేయాలంటే వాల్వ్ సీవీ (ఎంత ఫ్లో వదలగలదన్న కొలత) 15 శాతం పైచిలుకు పెరగాలి. ఈక్వల్ పర్సెంటేజ్ వాల్వ్ (ఓపెనింగ్ సమానంగా పెరిగిన ప్రతిసారీ సీవీ ఒకే శాతం పెరిగేది), రేంజబిలిటీ (గరిష్ఠ, కనిష్ఠ ఫ్లోల నిష్పత్తి) 50 అనుకుంటే అది సుమారు 3.7 శాతం ట్రావెల్, వాల్వ్ 30 దగ్గరున్నా 60 దగ్గరున్నా అంతే. అందుకే అలాంటి వాల్వ్‌కి ప్రెషర్ కరెక్షన్‌ని ఔట్‌పుట్‌కి కూడితే చాలు, లీనియర్ వాల్వ్‌కైతే (ఓపెనింగ్ ఎంత పెరిగితే సీవీ అంతే పెరిగేది) గుణించాలి. ఇది పెట్టాక ఫ్లో పడిపోయి తిరిగి లేవడం అనేది ట్రెండ్‌లో దాదాపు కనబడకుండా పోయింది, గెయిన్ ముట్టుకోలేదు.

ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ ఫెయిలైతే కరెక్షన్ ఆఖరి విలువ దగ్గరే ఆగిపోయేలా లాజిక్ పెట్టడం మర్చిపోకండి. మీ వాల్వ్ ఏ రకమో నేమ్‌ప్లేట్ లేదా డేటాషీట్ చూసి చెబితే లెక్క నేను వేసి పెడతాను.