మీ ప్రశ్నలు - మా జవాబులు: ఎఫ్‌ఎంలో ఎన్నికల పాట

ప్రశ్న: మా అభ్యర్థి కోసం 30 సెకన్ల పాట చేయించాం. ఎఫ్‌ఎంలో వేయించాలంటే ఎవరిని అడగాలి? (ఒక పాఠకుడు, గాజువాక)

రేడియో స్టేషన్‌కి వెళ్లే ముందు జిల్లా ఎంసీఎంసీకి, అంటే మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీకి దరఖాస్తు పెట్టి ధ్రువపత్రం తీసుకోండి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2004లో టీవీకి వచ్చిన ఈ పద్ధతిని ఎన్నికల సంఘం 2008 నవంబరులో ప్రైవేటు ఎఫ్‌ఎంలతో సహా రేడియోకీ వర్తింపజేసింది.

అభ్యర్థులు, గుర్తింపు పొందిన పార్టీలు ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు దరఖాస్తు ఇవ్వాలి. ఇతరులకు ఈ గడువు 7 రోజులు. పాట ఆడియో రెండు కాపీలు, సంతకంతో ధ్రువీకరించిన పూర్తి పాఠం జతచేయాలి. తయారీ ఖర్చు, ఎన్నిసార్లు వేస్తారు, ఒక్కోసారికి రేటెంత అన్నవి విడివిడిగా రాయాలి. చెల్లింపులు చెక్కు లేదా డీడీ ద్వారానే చేస్తామని హామీ ఇవ్వాలి.

లెక్క ఇలా వేసుకోండి. 10 సెకన్లకు 300 రూపాయలు అనుకుంటే 30 సెకన్ల స్పాట్ (ఒకసారి ప్రసారం) 900. రోజుకు 10 చొప్పున 7 రోజులకు 70 స్పాట్లు, 63,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో 74,340. ఇదంతా అభ్యర్థి ఖర్చులోకే వస్తుంది. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. అభిమాన సంఘం డబ్బు పెట్టుకుంటుందిలే అనుకోవద్దు. అభ్యర్థి లిఖితపూర్వక అనుమతి లేకుండా అతని కోసం ప్రకటనకు ఖర్చు పెట్టడం నేరం.

ఎక్కువ మంది చిక్కుకునేది పాఠం దగ్గర. కాగితంపై పల్లవి, చరణం ఉంటాయి. స్టూడియోలో గాయకుడు చివర్లో ఉత్సాహంగా ఒక నినాదం కలిపేస్తాడు, అది పాఠంలో ఉండదు. కమిటీ వింటూ పోల్చి చూస్తుంది కాబట్టి దరఖాస్తు తిరిగొస్తుంది, మూడు రోజుల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఫైనల్ మిక్స్ అయ్యాకే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోరస్‌లో అరుపులతో సహా రాసుకోండి. ధ్రువపత్రం వచ్చాక ఒక్క మాట మార్చినా అది కొత్త ప్రకటనే, కొత్త దరఖాస్తే.

కులం, మతం పేరుతో ఓటడగడం, ప్రత్యర్థి వ్యక్తిగత జీవితంపై వ్యాఖ్యలు, రుజువు లేని ఆరోపణలు పాటలో ఉంటే కమిటీ ఒప్పుకోదు. తిరస్కరణ అన్యాయమనిపిస్తే రాష్ట్ర స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.

ప్రశ్న: హిట్ సినిమా పాట బాణీకి మా మాటలు పెట్టాం. ధ్రువపత్రం వస్తే సరిపోతుందా? (ఒక పాఠకురాలు, మధురవాడ)

సరిపోదు. కమిటీ చూసేది ఎన్నికల నియమాలు, బాణీ హక్కులు కాదు. పాత పాటను మళ్లీ పాడి రికార్డు చేసే వెసులుబాటు కాపీరైట్ చట్టం 31సీ సెక్షన్‌లో ఉంది. కానీ అది సాహిత్యాన్ని మార్చడానికి పనికిరాదు, పేరడీలో జరిగేది సరిగ్గా అదే. మీ రేడియో స్టేషన్‌కి సినిమా పాటలు వేసుకునే లైసెన్సు ఉండటం మీ ప్రకటనకు రక్షణ కాదు. బాణీకి, సాహిత్యానికి హక్కులున్న వారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అసలు ట్రాక్ వాడితే ఆడియో కంపెనీ అనుమతి కూడా తప్పనిసరి. మా మాట వింటే డప్పు, తుడుము పెట్టి స్థానిక కళాకారులతో కొత్త బాణీ కట్టించండి. పాట మీదవుతుంది, వాళ్లకు పనీ దొరుకుతుంది. హక్కులు మీకే రాసిచ్చినట్టు కాగితం మాత్రం మరచిపోవద్దు.

ప్రశ్న: చివరి స్పాట్ ఎప్పటి వరకు? (ఒక పాఠకుడు, పెందుర్తి)

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు వరకే. తేదీని కాదు, గంటను చూడండి. 2024 మే 13న విశాఖలో పోలింగ్ సాయంత్రం 6 వరకు, అరకు, పాడేరుల్లో 4 వరకే. అంటే ప్రచారం 11న ఇక్కడ 6కి, అక్కడ 4కే ఆగింది. బుకింగ్ ఆర్డర్‌లో చివరి స్పాట్ గంట, నిమిషం రాయించండి. 'మే 11 వరకు' అని మాత్రమే రాస్తే రాత్రి 9 గంటల స్పాట్ కూడా వెళ్లిపోతుంది. దీనికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు.