గోడలో పైపులు చూపించావా?

చిన్నీ,

పాత ఇల్లు కొంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నీ కష్టార్జితంతో నువ్వే కొనుక్కుంటున్నావంటే ఎంత పొంగిపోయానో. ప్లంబర్‌కి చూపించిందా అని అడిగితే, "కుళాయిలన్నీ తిప్పి చూసిందట, నీళ్లు బాగానే వస్తున్నాయట" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుళాయి తిప్పితే పైపులు చూసినట్టు కాదమ్మా.

తేలికైనవి నువ్వే చూడొచ్చు. కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు రీడింగ్ రాసుకో, రెండు గంటలాగి మళ్లీ చూడు. ఎవరూ వాడకుండానే అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఆగు. నొక్కకుండానే కమోడ్‌లోకి రంగు దిగిందంటే లోపలి వాషర్ పోయింది.

మా మొదటి ఇంట్లో పడకగది గోడకి, కింద జానెడు ఎత్తులో, అరచెయ్యంత చెమ్మ వచ్చింది. రంగు బుడగలు కట్టింది. గోరుతో గీకితే తెల్లగా ఉప్పులాంటి పొడి రాలేది. నేను గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించేశాను. నాలుగు నెలలకు మళ్లీ అదే మచ్చ. ఈసారి మచ్చ ఉన్నచోటే గోడ పగలగొట్టించాను. అక్కడసలు పైపే లేదు! పూడ్పించి మళ్లీ రంగు. అప్పుడైనా ఆగి ఆలోచించానా? లేదు.

ఒకరోజు సాయంత్రం మీ పెద్దమ్మ లైటు వేయబోయి కేక పెట్టింది. పరిగెత్తి వెళ్తే, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నేల మీద కూర్చుని వణుకుతోంది. ప్రాణానికేం కాలేదు. మెయిన్ ఆపి స్విచ్ బోర్డు విప్పిస్తే లోపల పెట్టెలో నీటి బొట్లు. గోడ అవతల స్నానాలగదిలో, గీజర్‌కి వెళ్లే పాత జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప గొట్టం) ఎల్బో దగ్గర, అంటే వంపు తిరిగే అతుకు దగ్గర, తుప్పుతిని సూది బెజ్జమంత చిల్లు పడింది. ఆ నీళ్లు గోడలోనే కరెంటు గొట్టం వెంట ఇటు పాకాయి. కారేచోటు ఒకటి, కనిపించేచోటు ఇంకొకటి. ఇన్నేళ్లయినా ఆ వణుకుతున్న చెయ్యి నా కళ్లముందే ఉంది.

అందుకే ప్రెషర్ టెస్ట్ చేయించు. కుళాయిల చోట బిరడాలు బిగించి, చేతిపంపుతో లైనులో ఒత్తిడి పెంచి, గేజ్ ముల్లు చూస్తారు. ముల్లు దిగిపోతుంటే లోపల లీకు ఉన్నట్టు. చల్లనీళ్లది, వేడినీళ్లది విడివిడిగా చేయించు, తప్పు ఏ లైన్‌లో ఉందో తెలుస్తుంది. పాత పైపులు కదా, ఒత్తిడి మరీ పెంచొద్దని చెప్పు. మురుగు గొట్టాల్లోకి కెమెరా కూడా పంపించమను. చెట్ల వేర్లు అతుకుల్లోంచి దూరితే పైకి తెలియదు.

ఇల్లంతా వెలిసిపోయి ఒక్క గోడకే కొత్త రంగుంటే, అది ఎందుకు వేశారో అడుగు. మొహమాటపడకు. స్విచ్ బోర్డు దగ్గర చెమ్మ కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

తొందరపడి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే చెప్పు, తిట్టను. ప్లంబర్ వచ్చేరోజు ముందుగా ఫోన్ చెయ్యి. నేనూ వస్తాను, మీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది.

మీ పెదనాన్న