రేడియాలజీ తీసుకోమందామా, ఏఐ మింగేస్తుందా?

కరీంనగర్ నుంచి ఒక నాన్నగారు రాశారు. పాప ఎంబీబీఎస్ అయిపోయింది, పీజీలో రేడియాలజీ వచ్చే ర్యాంకు ఉంది, కానీ తెలిసిన డాక్టరొకాయన "ఇప్పుడు రిపోర్టంటే 0 నుంచి 6 దాకా ఒక అంకె టిక్ పెట్టడమే, అది కంప్యూటరే చేసేస్తుంది" అన్నాడట. జనరల్ మెడిసిన్ మంచిదా, లేక పీజీ ఆపి ఆరు నెలల మెడికల్ ఏఐ కోర్సు చేయించాలా అని అడుగుతున్నారు.

సార్, ఈ భయం వారం వారం వింటున్నా. ఆ అంకెలు బైరాడ్స్ అనే పద్ధతివి, మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే రిపోర్టుల కోసం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1990ల్లోనే పెట్టింది, ఎందుకంటే ఒక్కో డాక్టరు ఒక్కోలా రాస్తే బయాప్సీ చేయాలో వద్దో సర్జన్‌కి తేలేది కాదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే ఛాన్స్ 2 శాతం దాటదు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం అని. 4 అంటే సూది గుచ్చి, ముక్క తీసి బయాప్సీ చేయాల్సిందే. టిక్ పెట్టడానికి క్షణం పట్టదు, అదనపు వ్యూలు తీయించి, పాత ఫిల్ములు పక్కన పెట్టుకుని, ఇది 3నా, లేక 4లోనే తక్కువ అనుమానం ఉన్న 4-ఏ రకమా అని తేల్చి సంతకం పెట్టడమే అసలు పని.

ఏఐ ఏం చేయదని అబద్ధం చెప్పను. 2016లో ఏఐకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటాయన రేడియాలజిస్టుల ట్రైనింగే ఆపేయమన్నాడు, ఆపలేదు, అయినా స్వీడన్‌లో మసాయ్ అనే ట్రయల్‌లో ఏఐ సాయంతో మామోగ్రామ్‌లు చదివే భారం 44 శాతం దాకా తగ్గింది. అక్కడ ప్రతి ఫిల్మూ ఇద్దరు చదువుతారు, తగ్గింది ఎక్కువగా ఆ రెండో చదువే. పని మారుతుంది, పోదు.

నా అనుమానమంతా ఆ ఆరు నెలల కోర్సు మీదే. సర్టిఫికెట్ ఇస్తారు, ఉద్యోగం ఎక్కడండీ అంటే ఇంకో వెబినార్ లింకు పంపుతారు. ఏఐకి నేర్పాలన్నా ఏ మచ్చ ఏ కేటగిరీయో ముందు రేడియాలజిస్టు గుర్తు పెట్టాలి కదా, ఆ పని ఆరు నెలల పిల్లలకి ఎవరిస్తారు? ఎండీ అయ్యాక ఏఐ నేర్చుకోమనండి, అప్పుడు అడిగేవాళ్ళుంటారు.

మెడిసినా రేడియాలజీనా అంటారా, రెండూ మూడేళ్ళే, రెండిట్లోనూ తిండికి లోటుండదు, కంగారు పడకండి. పేషెంట్లతో మాట్లాడ్డం ఇష్టమా, బొమ్మలో తేడా పట్టుకోవడం ఇష్టమా అన్నదే తేడా. కానీ మీ మెయిల్ మొత్తంలో పాపకి ఏది ఇష్టమో ఒక్క లైన్ లేదు సార్! డాక్టరు ఫ్రెండ్‌ని అడిగారు, నన్నడిగారు, హౌస్ సర్జన్సీ చేసిన మనిషి ఇంట్లోనే ఉంటే అడగలేదు. కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు ఆ లాగిన్ పాస్‌వర్డ్ ఆమె చేతికే ఇచ్చేయండి.