రాగి సంగటి ఎవరిది?

ప్రశ్న: మాది ఏలూరు. ఈ మధ్య తిరుపతి వెళ్ళినప్పుడు నాటుకోడి పులుసుతో రాగి సంగటి తిన్నాము. ఇది కన్నడిగుల 'ముద్దె' నుంచి వచ్చిందని పక్కనున్నవారు అన్నారు. నిజమేనా? సీమలో రోజూ ఇలాగే కోడికూరతో తినేవారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒకరి నుంచి మరొకరికి వచ్చిందనడం కన్నా, ఇద్దరిదీ ఒకే మెట్టనేల అనడం సబబు. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండప్రాంతం. వేల ఏళ్ళ కిందటే మన దేశానికి చేరి, దక్కను ఎర్రనేలల్లో నిలదొక్కుకుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే అనంతపురం వంటి చోట, వరికి చాలని తడితో పండటమే కాక, పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిల్వ ఉండే గింజ కనుక, కరువుకాలంలో ఇంటిని ఆదుకున్నది ఇదే. 16వ శతాబ్దపు కన్నడ కవి కనకదాసు 'రామధాన్య చరితె'లో వరికీ రాగికీ తగవు పెట్టి, రెండింటినీ ఆరునెలలు చెరలో ఉంచి, చెడకుండా నిలిచిన రాగినే రాముడి చేత మెప్పించడం వెనుక ఉన్నది కూడా ఈ నిల్వగుణమే.

అయితే వండే తీరులో తేడా ఉంది. ముద్దెకు సాధారణంగా పిండి ఒక్కటే చాలు. సంగటికి ముందుగా బియ్యమో నూకలో మెత్తగా ఉడికించి, దానిపై రాగిపిండిని కుప్పగా పోసి, కాసేపు మూతపెట్టి మగ్గనిచ్చి, ఆపైన తెడ్డుతో ఉండలు కట్టకుండా కెలకాలి. ఈ కెలకడం చూడటానికి తేలికే గాని, పదిమందికి వండే కుండ ముందు కూర్చున్నవారి భుజాలకే దాని కష్టం తెలుస్తుంది. వరి పండుగనాటి అన్నంగా ఉన్న రోజుల్లో బియ్యానికి బదులు కొర్రలు వేసేవారు. నల్లరేగడి ఎక్కువగా ఉన్న కర్నూలు వైపు జొన్న సంగటిదే పైచేయి.

ఇక కోడికూర సంగతి. అది పండుగకో, అల్లుడు వచ్చిన రోజుకో పరిమితం. రోజువారీ తోడు చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), చింతచిగురు పప్పు, గోంగూర, పచ్చిపులుసు. మిగిలిన ముద్దను రాత్రి నీళ్ళలో వేసి, తెల్లవారి మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని సేద్యానికి వెళ్ళేవారు. మీరు తిన్నది సీమవారి విందు. వారి రోజువారీ తిండి రుచి తెలియాలంటే మాత్రం ఈసారి ఊరిబిండి అడగండి.